బేగాయిమ్ నోటి మాట

బేగాయిమ్ నోట్లో నువ్వుగింజ నానదని కొండల నడుమ ఉన్న కొచ్‌కోర్ కాలవల ఆఫీసులో తెలియనివాళ్లు లేరు. ఏ రైతుకి ఏ రోజు ఎన్ని గంటలు నీళ్లు వదలాలో పట్టిక రాసిపెట్టే ఆఫీసు అది. మూడు గదులు, ఒక బొగ్గుల పొయ్యి, ఏడుగురు మనుషులు. నీళ్ల దగ్గర తగాదాలు ఎలాగూ తప్పవు, రైతులు వచ్చి బల్లలు గుద్ది పోతూనే ఉంటారు. కాని ఆ ఏడుగురిలో ఎవరైనా వరండాలోకి పోయి కళ్లు తుడుచుకుంటున్నారంటే మాత్రం దానికి కారణం రైతులు కాదు, బేగాయిమే.

పోనీ ఆమెది చెడ్డ మనసా అంటే కాదు. అదే చిక్కు. చెడ్డమనిషైతే నాలుగు దులిపేసి ఊరుకోవచ్చు. ఈవిడ ఎదుటి ముఖంలో ఏది కనిపిస్తే అది అనేస్తుంది, అనేసి, తన సంచిలోంచి ఎండు పెరుగు ఉండ ఒకటి తీసి అదే చేత్తో చేతిలో పెడుతుంది. "జుట్టు బాగా రాలిపోయిందే, మీ ఆయన చూశాడా? ఇదిగో, తిను." ఇలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో ఎవరికీ చేతకాలేదు.

పక్కగదిలో పనిచేసే ఐజాదాకి కొడుకు పుట్టినప్పుడు అందరూ చూడ్డానికి వెళ్లారు. పసిగుడ్డుని పట్టుకుని బాగున్నాడు, ముద్దుగా ఉన్నాడు అనకూడదు, దిష్టి తగులుతుంది. వికారంగా ఉన్నాడు, ఎవరికి కావాలి వీడు అనాలి. అందరూ నవ్వుతూ అలాగే అన్నారు. ఐజాదా కూడా నవ్వుతూనే విన్నది. బేగాయిమ్ ఒక్కతే ఒంగి నిదానంగా చూసి, "అవునే, నిజంగానే తల ఒక పక్కకి ఉంది, డాక్టర్‌కి చూపించావా?" అన్నది. ఆ గదిలో ఆ మాట నిజంగా అన్నది ఆమె ఒక్కతే. ఐజాదా ఆరునెలలు ఆమెతో మాట్లాడలేదు.

పెద్ద ఆఫీసు నుంచి అధికారి వచ్చిన రోజు టీ పోసే పని ఆమె చేతికి చిక్కింది. మర్యాద తెలిసినవాళ్లు గిన్నెలో సగమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోయొచ్చని, ఇంకాసేపు కూర్చోమని. అంచుదాకా నింపారంటే ఇక దయచెయ్యి అని. బేగాయిమ్ ఆయన గిన్నె అంచుదాకా నింపి పెట్టింది. ఆయన ఒక్క గుటక తాగి, టోపీ పెట్టుకుని, కారెక్కి వెళ్లిపోయాడు. ఆఫీసు పెద్ద ఎసెన్‌కుల్ తల పట్టుకున్నాడు. "ఏంటన్నా, మాటిమాటికీ లేచి పొయ్యలేక నింపాను. నాకు మోకాళ్ల నొప్పులు కదా," అన్నది ఆమె.

ఈ బేగాయిమ్‌తో ఎనిమిదేళ్లుగా ఒకే గదిలో, ఎదురుబొదురు బల్లల మీద పనిచేస్తున్నది సాల్కిన్. వయసు యాభైనాలుగు. భర్త పోయి పదేళ్లు, కూతురు దూరాన ఓష్‌లో కాపురం చేసుకుంటోంది. నెమ్మదస్తురాలు. గొంతు పెంచడం ఆమెకి రాదు. రైతులు అరుస్తూ వచ్చినా, "కూర్చో తమ్ముడూ, నీ పొలానికి నీళ్లు రాకపోతే నాకు మాత్రం నిద్రపడుతుందా," అని చల్లబరిచి పంపేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న మాట ఆమెను చూస్తే నిజమే అనిపిస్తుంది, ఎదుటి బల్ల మీద బేగాయిమ్ కూర్చుని లేకపోతే.

ఎనిమిదేళ్లలో సాల్కిన్ ఆ నోటిని కాచుకునే ఉపాయాలు చాలానే నేర్చుకుంది. తలుపు తెరుచుకుని ఎవరైనా లోపలికి రాగానే ముందు బేగాయిమ్ ముఖం చూసేది. ఆమె కనుబొమలు పైకి లేచాయంటే ఏదో కనిపెట్టిందన్నమాట. వెంటనే, "బేగాయిమ్, ఆ కిటికీ ఒకసారి వేసెయ్యమ్మా," అనేది. కిటికీ వేసి వచ్చేలోపు మాట సగం చల్లారేది. లేకపోతే నూనెలో వేయించిన రొట్టెముక్క ఒకటి నోటికి అందించేది. మధ్యాహ్నానికి సాల్కిన్ తెచ్చిన రొట్టెలో సగం ఇలా బేగాయిమ్ నోటికాపలాకే ఖర్చయ్యేది. "అక్కా, నువ్వు నన్ను కొడుకులా మేపుతున్నావు," అని మురిసిపోయేది బేగాయిమ్. ఆ తిండి ఎందుకు పెడుతున్నారో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

ఇంత ఓపిక సాల్కిన్‌కి ఊరికే రాలేదు. వాళ్ల మధ్య ఒక గాయం ఉంది.

ఏడేళ్ల కిందట, బేగాయిమ్ ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలంలో, సాల్కిన్ తల్లి పోయింది. వాళ్లలో చావుకబురు నిలబెట్టి చెప్పేది కాదు. పెద్దవాళ్లు చేరాలి. మనిషిని ఏదో వంక మీద ఇంటికి తీసుకురావాలి. మధ్యలో కూర్చోబెట్టి, పడిపోతే పట్టుకోవడానికి చెరోపక్క ఒకరు కూర్చోవాలి. అప్పుడు పెద్దాయన ఎవరో లోకం తీరు ఎత్తుకుని, మెల్లగా, మెట్టుమెట్టుగా ఆ మాట దగ్గరికి తీసుకువెళ్లాలి. ఎసెన్‌కుల్ ఆ ఏర్పాట్లలోనే ఉన్నాడు. ఇంతలో బేగాయిమ్ గదిలోకి వచ్చింది. పొయ్యి మీంచి టీ కెటిల్ దించుతున్న సాల్కిన్‌ని చూసి, "ఇంకా ఇక్కడే ఉన్నావేంటక్కా? పొద్దున్నే మీ అమ్మ చనిపోయిందంట కదా," అనేసింది.

కెటిల్ జారిపడింది. పట్టుకునేవాళ్లు లేరు. వేడినీళ్లు పడి కాలిన మచ్చ సాల్కిన్ కుడిపాదం మీద ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత రెండేళ్లు ఆమె బేగాయిమ్‌తో పనిమాట తప్ప మాట్లాడలేదు. బేగాయిమ్‌కి మాత్రం తను చేసిన తప్పేంటో అంతు పట్టలేదు. "చచ్చిపోయిన మాట చచ్చిపోయిందనక ఏమంటారు?" అని ఐజాదాని అడిగిందట.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం, మంచుకి దారులు మూసుకుపోయి రైతులెవరూ రాలేదు. ఇద్దరూ పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్నారు. బేగాయిమ్ ఎండు పెరుగు కొరుకుతూ తన చిన్నప్పటి సంగతి చెప్పింది, ఎవరి సంగతో చెప్పినట్టు.

"నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న పోయాడక్కా. నాకెవరూ చెప్పలేదు. చిన్నపిల్ల, తట్టుకోలేదు అనుకున్నారు. కొండమీద మేతబయలుకి పోయాడమ్మా, మందని తోలుకుని వస్తాడు అన్నారు. రోజూ బడి అయ్యాక దారి మీదకెళ్లి కూర్చునేదాన్ని. శరత్కాలంలో అందరి మందలూ దిగాయి. మా నాన్న రాలేదు. మంచు పడ్డాక కూడా వెళ్లాను. ఊరంతా నన్ను చూసి తలలు పక్కకి తిప్పుకునేవాళ్లు. ఒక్కళ్లు, ఒక్కళ్లు చెప్పలేదు. ఆ రోజు నువ్వు కెటిల్ పట్టుకుని పాట పాడుకుంటున్నావు చూడు, నాకు ఊపిరాడలేదు. నీ వెనక అందరూ గుసగుసలాడుతున్నారు. నువ్వు పాడుకుంటున్నావు."

సాల్కిన్ పొయ్యిలో ఇంకో బొగ్గు వేసింది. తర్వాత లేచి టీ పోసి ఆమె ముందు పెట్టింది. క్షమించానని అనలేదు. కాని మర్నాటి నుంచి రొట్టె రెండు వాటాలు తేవడం మొదలుపెట్టింది.

ఇదంతా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, పోయిన వసంతంలో సాల్కిన్ అన్న ఓముర్‌బెక్ గుండెజబ్బుతో రాజధాని బిష్‌కెక్‌లో ఆసుపత్రిలో పడ్డాడు.

అన్న అని అనడమే గాని సాల్కిన్‌కి అతను తండ్రి తర్వాత తండ్రి. ఆమెకి ఆరేళ్లప్పుడు తండ్రి పోతే పదహారేళ్ల ఓముర్‌బెక్ చదువు మానేసి లారీ క్లీనరుగా చేరాడు. చెల్లెల్ని పట్నంలో చదివించడానికి తనకి ప్రాణంగా ఉన్న గుర్రాన్ని అమ్మేశాడు. అమ్మిన రోజు ఇంటికి నడిచి వచ్చి, "కాళ్లకి మంచిది, డాక్టర్లు కూడా నడవమనే చెప్తున్నారు," అన్నాడట. ఇప్పుడు అరవైనాలుగేళ్లొచ్చినా రోజూ పొద్దున ఆఫీసు తెరిచే వేళకి ఫోన్ చేసేవాడు. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. "టీ తాగావా? చలిగా ఉందా అక్కడ?" అంతే. పదిహేను మైళ్ల దూరంలో ఉన్న ఊరికి చలి వేరేగా ఉంటుందా ఎక్కడైనా!

శుక్రవారం ఆపరేషన్ జరిగింది. ఆదివారం దాకా సాల్కిన్ అతని మంచం పక్కనే ఉంది. నీళ్ల పట్టికలు వేసే రోజులు కావడంతో అన్నే బలవంతంగా పంపించాడు. "పో, పో. నువ్వు లేకపోతే ఆ రైతులు ఒకళ్లనొకళ్లు పారలతో కొట్టుకుంటారు. గురువారం రా," అన్నాడు. వదిన సైల్‌కాన్, ఆమె కొడుకు అక్కడే ఉన్నారు. గురువారం వెళ్దామని సాల్కిన్ బస్సు టికెట్ కూడా కొనిపెట్టుకుంది.

మంగళవారం పొద్దున ఆఫీసుకి వచ్చేసరికి గదిలో బేగాయిమ్ అప్పటికే ఉంది. సాల్కిన్ కోటు తీసి మేకుకి తగిలించింది. రాత్రంతా నిద్రలేక ముఖం వాచిపోయి ఉందని ఆమెకీ తెలుసు. ఇప్పుడు బేగాయిమ్ ఏమంటుందో కూడా తెలుసు. ముఖం తందూరు రొట్టెలా ఉబ్బిందేంటక్కా అంటుంది. అనబోయే మాటకి సిద్ధపడి తిరిగింది.

బేగాయిమ్ ఏమీ అనలేదు. తల దించుకుని పెన్సిల్ చెక్కుతోంది.

"పొయ్యి వెలిగించావా?" అని అడిగింది సాల్కిన్.

"ఊఁ."

ఎనిమిదేళ్లలో ఆ నోటినుంచి ఒంటి అక్షరం జవాబు రావడం సాల్కిన్ ఎరగదు. ఒంట్లో బాలేదేమో అనుకుంది. ఇంతలో ఐజాదా తలుపు తీసి, "అక్కా, నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది, పిల్లాడికి జ్వరంగా ఉంది, నీ ఫోన్ ఒకసారి ఇవ్వవా," అని అడిగి పట్టుకుపోయింది. మళ్లీ తీసుకురాలేదు. పావుగంట పోయాక ఎసెన్‌కుల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇవాళ పట్టికలు వద్దులే సాల్కిన్. నిదానంగా చేద్దాం," అన్నాడు. ఏప్రిల్ నెలలో పట్టికలు వద్దనే కాలవల ఆఫీసు పెద్ద భూమ్మీద ఎక్కడైనా ఉంటాడా? సాల్కిన్ అతని ముఖంలోకి చూసింది. అతను పొయ్యి వంక చూశాడు.

"అన్న దగ్గర్నుంచి ఫోన్ రాలేదు ఇంకా," అన్నది సాల్కిన్, ఎవరితో అంటున్నదో తనకే తెలియకుండా.

"వస్తుందిలే. ఆసుపత్రుల్లో పొద్దున్నే డాక్టర్లు తిరుగుతుంటారు కదా," అన్నాడు ఎసెన్‌కుల్ గబగబా, వెళ్లిపోతూ.

ఆ మాట ఆమె నమ్మేది. మనిషి ఏదైనా నమ్మగలడు, నమ్మాలనుకుంటే. ఐజాదా పిల్లాడికి జ్వరమే కావచ్చు, ఎసెన్‌కుల్‌కి మంచిబుద్ధే పుట్టి ఉండొచ్చు. కాని ఎదురుగా బేగాయిమ్ కూర్చుని ఉంది. ఆ పెన్సిల్ చెక్కి చెక్కి బొటనవేలంత అయింది. పెదాలు లోపలికి మడిచి, పళ్లతో నొక్కిపట్టింది. మాట గొంతుదాకా వస్తుంటే మింగుతోంది, మళ్లీ వస్తుంటే మళ్లీ మింగుతోంది. ఆ గుటకలు ఇవతలి బల్లకి వినిపిస్తున్నాయి.

సాల్కిన్‌కి అప్పుడే అర్థమైపోయింది. ఊళ్లో వందమంది వంద అబద్ధాలాడినా తెలియకపోవచ్చు, ఈ ఒక్క మనిషి మౌనంగా కూర్చుంటే దాచడానికి ఇంకేం మిగిలింది?

అడుగుదామని నోరు తెరిచింది. అడిగితే చెప్పేస్తుంది, ఆ సంగతి తెలుసు. బేగాయిమ్ తలెత్తింది. కళ్లనిండా నీళ్లు, భయం. అడగొద్దక్కా, నీ కాళ్లు మొక్కుతా అంటున్నాయి ఆ కళ్లు. ఎవరో ఆమె చేత ఒట్టు వేయించుకున్నారు, ఇన్నేళ్లలో మొదటిసారి ఎవరో ఆమెను నమ్మి ఒక మాట దాచమని ఇచ్చారు. ఆమె దాన్ని నిప్పుకణికలా నోట్లో పెట్టుకుని కూర్చుంది.

సాల్కిన్ నోరు మూసుకుంది. "కిటికీ కొంచెం తెరువమ్మా, పొగగా ఉంది," అన్నది. బేగాయిమ్ ఒక్క ఉదుటున లేచి కిటికీ దగ్గరికి పోయి, అటు తిరిగి చాలాసేపు నిలబడిపోయింది.

పదిన్నరకి ఎసెన్‌కుల్ కారు తాళాలు ఆడిస్తూ వచ్చాడు. "సాల్కిన్, మీ ఇంటికి ఎవరో చుట్టాలొచ్చారంట. పక్కింటావిడ ఫోన్ చేసింది. పద, దింపేస్తాను."

"ఎవరంట?"

"అదే... దూరపు చుట్టాలంట."

సాల్కిన్ కోటు వేసుకుంది. బొత్తాలు పెట్టుకోకుండానే గుమ్మం వైపు నడిచింది. బేగాయిమ్ వచ్చి పైనుంచి కిందిదాకా పెట్టింది.

"నువ్విక్కడే ఉండు," అన్నాడు ఎసెన్‌కుల్ ఆమెతో.

"నేనూ వస్తాను."

"బేగాయిమ్!"

"వస్తానన్నా. మాట్లాడను." అని కారు వెనకసీట్లో ఎక్కి కూర్చుంది.

దారిపొడవునా ఎసెన్‌కుల్ ఈ ఏడు మంచు తక్కువ పడిందనీ, కాలవలకి నీళ్లు చాలవేమోననీ చెబుతూనే ఉన్నాడు. పాపం, మంచిమనిషి. అబద్ధం ఆడలేక నీళ్ల లెక్కలు చెప్పాడు. బేగాయిమ్ సాల్కిన్ చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. చిన్నప్పటి నుంచి అన్న చేసిన మేలు ఒక్కటొక్కటిగా గుర్తొస్తుంటే సాల్కిన్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే తనకి తెలిసిపోయిందని వీళ్లకి తెలిసిపోతుంది. ఇంతమంది ఇంత కష్టపడి కడుతున్న మర్యాద కూలిపోతుంది.

ఇంట్లో అప్పటికే పదిహేనుమంది ఉన్నారు. చెప్పులు గుమ్మంలో గుట్టగా పడి ఉన్నాయి. లోపల బట్ట పరిచి, రొట్టెలు, వెన్న, జామ్ పెట్టి, ఏమీ ఎరగనట్టు టీ తాగుతున్నారు. ఆమెను చూసి లేచారు, జరిగారు, మధ్యలో కూర్చోబెట్టారు. పక్కింటావిడ కుడిపక్కన, పినతల్లి కూతురు ఎడమపక్కన సర్దుకున్నారు. బేగాయిమ్ గుమ్మం దగ్గరే, చెప్పుల పక్కన నిలబడిపోయింది.

మాట ఎత్తుకోవలసింది అసన్‌కాదిర్ తాత. ఎనభైరెండేళ్ల మనిషి. ఓముర్‌బెక్ ఇరవైఏళ్లు ఆయన లారీ మీదే తిరిగాడు. ఎన్ని ఇళ్లలో ఎన్ని చావులు వినిపించిన నోరో అది. తాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, సాల్కిన్. రాయి గట్టిది, అది కూడా అరుగుతుంది. ఏరు పెద్దది, అది కూడా ఇంకుతుంది. మన తాతలెవరూ మిగల్లేదు. మనమూ మిగలం."

"అవును తాతా."

"ఒక చెట్టు ఉంటుందమ్మా. దాని నీడన ఎందరో బతుకుతారు. మా... మా లారీ ఒకసారి కనుమలో మంచులో కూరుకుపోయింది. నేనూ వాడూ..."

తాత ఆగాడు. చెట్టు దగ్గర్నుంచి లారీ మీదికి ఎందుకు పోయాడో ఆయనకే తెలియదు. మళ్లీ ఎత్తుకున్నాడు. "దేవుడిచ్చిన ఊపిరి దేవుడిదే. కొందరికి నూరేళ్లిస్తాడు, కొందరికి... రెండు రాత్రులు. రెండు రాత్రులు వాడి కోటు కూడా నాకే కప్పాడమ్మా." టీ గిన్నె అందుకోబోయి మధ్యలోనే చెయ్యి దించేశాడు. ఇంకెవరైనా అందుకుందామంటే పెద్దాయన నోట్లో ఉన్న మాట లాక్కోవడం మర్యాద కాదు. తాత చెప్పలేడు, మిగతావాళ్లు చెప్పకూడదు. సాల్కిన్ ఆ మధ్యలో కూర్చుని ఉంది, మెడ మీదికి ఎత్తిన కత్తిని దించకుండా ఆపేసినట్టు. ఇక ఒక్క క్షణం కూడా భరించలేననిపించింది. తలెత్తి గుమ్మం వైపు చూసింది.

"బేగాయిమ్, నువ్వు చెప్పు."

గది మొత్తం అటు తిరిగింది. ఎసెన్‌కుల్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. బేగాయిమ్ అతన్ని చూసింది, తాతని చూసింది. తాత కళ్లు మూసుకుని తల ఊపాడు.

ఆమె వచ్చి సాల్కిన్ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, ఓముర్‌బెక్ అన్న చనిపోయాడు. ఇవాళ పొద్దున ఆసుపత్రిలో. ఇంటికి తెస్తున్నారు. మధ్యాహ్నానికి ఊరు చేరతాడు. నిన్ను తీసుకెళ్లడానికే వచ్చాం."

అంతే. డొంకతిరుగుడు లేదు, చెట్టు లేదు, రాయి లేదు. సాల్కిన్ గుండెలో పొద్దుటి నుంచి బిగబట్టిన కట్ట తెగింది. "అన్నా! నా కొండా! నన్నెవరికి వదిలిపోయావు అన్నా!" అని ఆమె పెట్టిన కేకకి పక్కనున్న ఆడవాళ్లంతా గొంతు కలిపారు. బయట మగవాళ్లు గోడకి ఆనుకుని బావురుమన్నారు. బేగాయిమ్ చేతులు వదల్లేదు. సాల్కిన్ గోళ్లు దిగి తన మణికట్టు మీద రక్తం చిమ్మినా వదల్లేదు.

ఏడుపు కొంచెం తెరిపిచ్చాక సాల్కిన్ తల పైకెత్తి అడిగింది. "బాధపడ్డాడా?"

"లేదమ్మా, లేదు," అన్నది పక్కింటావిడ. "పువ్వులా పోయాడంట," అన్నది ఇంకొకావిడ. "కంటికి రెప్ప పడ్డట్టు," అన్నాడు ఎసెన్‌కుల్. అందరూ ఒక్కసారే అన్నారు. చావింట్లో అందరూ అనే మాటలే అవి. సాల్కిన్ వాటిలో ఒక్కటీ వినలేదు. ఎదురుగా ఉన్న ముఖాన్నే చూస్తోంది.

"నువ్వు చెప్పు. బాధపడ్డాడా మా అన్న?"

బేగాయిమ్ ఆమె కళ్లలోకి సూటిగా చూసింది.

"లేదక్కా. నిద్రలోనే పోయాడు. తెలియనే తెలియలేదంట."

సాల్కిన్ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. బేగాయిమ్ అన్నదంటే అది నిజం. ఆ మాట పట్టుకునే ఆమె లేచి నిలబడింది, కారెక్కింది, అన్న ఇంటి ముందు వేసిన గుడారంలో మూడు రోజులు కూర్చుంది, మట్టి అయ్యేదాకా నిభాయించుకుంది. ఆ తర్వాత కూడా, రాత్రి నిద్రపట్టనప్పుడు, నేను పక్కన లేకపోయాను అని మనసు తొలిచినప్పుడు, నిద్రలోనే పోయాడు, నేనున్నా తెలిసేది కాదు అని చెప్పుకునేది. పది రోజుల తర్వాత ఉద్యోగంలోకి వచ్చింది. బేగాయిమ్ యథాప్రకారం బేగాయిమే. "అక్కా, చిక్కిపోయి దిష్టిబొమ్మలా ఉన్నావు," అని స్వాగతం చెప్పింది. ఐజాదా నాలుక కరుచుకుంది. సాల్కిన్‌కి మాత్రం ఆ మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది.

పోయినవాడికి నలభయ్యో రోజు భోజనాలు పెట్టారు. ఆచారం ప్రకారం గుర్రాన్ని కోశారు, ఊరంతా వచ్చి తిని, దువా చేసి వెళ్లారు. సాయంత్రం సాల్కిన్, వదిన సైల్‌కాన్ పెద్ద మూకుడు ముందు కూర్చుని బూడిదతో తోముతున్నారు. సైల్‌కాన్ ఉన్నట్టుండి మూకుడు మీద తల ఆనించి ఏడ్చింది.

"నీ దగ్గర దాచి దాచి నా గుండె పగిలిపోతోంది సాల్కిన్. రాత్రి పదింటికి మొదలైంది నొప్పి. తెల్లారేదాకా తన్నుకులాడాడు. ఊపిరందక మంచం కడ్డీలు పట్టుకున్నాడు. సాల్కిన్ రాలేదా, సాల్కిన్ రాలేదా అని నాలుగైదుసార్లు అడిగాడు. వస్తోంది, దారిలో ఉంది అన్నాను. నేనే అన్నాను ఆ అబద్ధం."

సాల్కిన్ పీచు పక్కన పెట్టింది. మెల్లగా అడిగింది. "మా ఆఫీసులో ఎవరికైనా తెలుసా ఇది?"

"తెలియకేం? మావాడు ఎసెన్‌కుల్‌కి ఫోన్ చేస్తే, మీ బేగాయిమ్ ఆ ఫోన్ లాక్కుని మరీ అడిగిందంట. ఎలా పోయాడు, ఎంతసేపు, ఏమన్నాడు, అన్నీ చెప్పమన్నదంట. మావాడు చిరాకుపడ్డాడు, ఈవిడకి బుద్ధి లేదా అని. అన్నీ చెప్పాడు."

సాల్కిన్ ఆ రాత్రి అన్న గదిలోనే పడుకుంది. ముందు అన్న కోసం ఏడ్చింది. కడ్డీలు పట్టుకున్న ఆ చేతుల కోసం, తనకోసం చూసిన ఆ చూపు కోసం ఏడ్చింది. ఆ దుఃఖం ఎలాగూ ఆమెతోనే పోతుంది, అది వేరే. తర్వాత బేగాయిమ్ గుర్తొచ్చింది. తొమ్మిదేళ్లప్పుడు ఊరంతా కలిసి ఆడిన అబద్ధానికి మంచులో దారి మీద కూర్చున్న పిల్ల. అబద్ధం అంటే ఒళ్లు మండే మనిషి. ఆ రోజు తన కళ్లలోకి సూటిగా చూసి, కంఠం వణక్కుండా చెప్పింది. ఆ నోటిచేత అబద్ధమాడించినంత ప్రేమ ఈ లోకంలో తనమీద ఇంకెవరికి ఉంది అనుకుంది సాల్కిన్. అన్నకి ఉండేది. అతను పోయాడు.

సోమవారం ఆఫీసుకి వెళ్లింది. నీళ్లు వదిలే రోజులు, ఇద్దరు రైతులు అప్పటికే గుమ్మంలో కీచులాడుకుంటున్నారు. వాళ్లని సర్ది పంపి కుర్చీలో కూర్చునేసరికి, ఎదుటి బల్ల మీంచి బేగాయిమ్ చూస్తోంది. అడిగేదాకా ఆగలేకపోయింది. ఆగడం ఎప్పుడు చేతనయింది గనక!

"అక్కా, నలభయ్యో రోజున మీ వదిన నీతో ఏమైనా చెప్పిందా?"

"దేని గురించి?"

"అదే... అన్న గురించి. ఎలా పోయాడని."

బేగాయిమ్ కుర్చీ ముందుకి లాక్కుంది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఎన్ని రోజులుగా ఈ ప్రశ్న కడుపులో పెట్టుకుని కుములుతోందో. సాల్కిన్ నీళ్ల పట్టిక తన ముందుకి లాక్కుని, గీతల వంక చూస్తూ, నిదానంగా చెప్పింది.

"చెప్పింది. నువ్వు చెప్పిందే చెప్పింది. నిద్రలోనే పోయాడంట."

బేగాయిమ్ బల్ల అంచు వదిలింది. తర్వాత ముక్కు గట్టిగా చీది, "చెప్పాను కదక్కా," అన్నది.

"చెప్పావమ్మా. నువ్వు చెప్పబట్టే నేను నమ్మాను," అన్నది సాల్కిన్.